మిగిలిన అరవై తొమ్మిది అక్షరాలు

సేవాకేంద్రం, మూడో కౌంటరు
మార్చి 6

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఎనిమిది పేజీలు. అందులో మూడు పేజీలు నీకు జలుబు ఎలా పట్టిందో, రెండు పేజీలు ఎలా తగ్గిందో. పోస్టుమాన్ కవరు చేతిలో పెడుతూ "ఏంటమ్మా ఇంత బరువు, దస్తావేజులా?" అని అడిగాడు. కాదు నాయనా, మా తమ్ముడి ముక్కు చరిత్ర అని చెప్పాను.

రోజంతా అక్కడ కూర్చుని ఏం చేస్తావని అడిగావు కదా, విను. మా గదిలో నాలుగు కౌంటర్లు, రెండు ఫ్యాన్లు, గోడ పొడవునా ఒక బల్ల, బల్ల నిండా జనం. ఆఫీసులకి చెప్పుకోవాల్సిందంతా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చెప్పుకోవాలి. ఆ ఫారంలో 'వివరాలు' అని ఒక పెట్టె ఉంటుంది. దాంట్లో ఐదువందల అక్షరాలే పడతాయి. ఒక్కటి ఎక్కువైనా పెట్టె ఎర్రబడుతుంది, పంపనివ్వదు. జనమేమో గంటసేపు చెబుతారు. ఆ గంటని నేను ఐదువందల్లోకి కుక్కాలి. అదీ నా ఉద్యోగం.

పైగా ఆ యంత్రం లెక్క మన లెక్క కాదు. మన కంటికి ఒక అక్షరంలా కనిపించేది దానికి ముక్కలు ముక్కలు. గుణింతం విడిగా ఒకటి, ఒత్తు వస్తే ఇంకో రెండు, సున్నా ఒకటి, చుక్క ఒకటి, ఆఖరికి మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఒకటి. నాన్న అంటే మనకి రెండు, దానికి ఐదు. స్త్రీ అంటే మనకి ఒకటి, దానికి ఆరు. కష్టం అని కొడితే ఐదు, బాధ అని కొడితే మూడు. అందుకే నా కౌంటరుకి వచ్చినవాళ్ళెవరికీ కష్టాలుండవు, అందరికీ బాధలే.

మొదట వాతావరణం తీసేస్తాను. ప్రతివాళ్ళూ 'ఆ రోజు వాన పడుతోందండీ' అనే మొదలుపెడతారు. తర్వాత 'మీకు తెలియనిదేముంది', 'పాపం', 'అయ్యో' తీసేస్తాను. తర్వాత చుట్టాలు పోతారు. నిన్న ఒక పెద్దాయన కాగితాల్లో భార్య పేరు తప్పు పడిందని వచ్చి, ఆవిడ ఎంత బాగా పాడేదో అరగంట చెప్పాడు. చివరికి నేను కొట్టింది 'పేరు తప్పు పడింది, సరిచేయగలరు'. చదివి వినిపిస్తే తల ఊపి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నీలాంటివాడు నా కౌంటరుకి వస్తే ఆ పెట్టెకి నిప్పంటుకుంటుంది. ఈసారి రెండు పేజీలు మించితే చదవను.

మీ అక్క


మిల్లు క్వార్టర్లు, గది 14
మార్చి 19

అక్కకి,

జలుబు గురించి ఒక్క ముక్క రాయను. తగ్గింది, అంతే.

ఇక్కడ ఫోను గేటు దగ్గర ఇచ్చేసి లోపలికి రావాలి. సెలవు రోజు చేతికిచ్చినా ఈ కొండల మధ్య సిగ్నల్ అందదు. కాబట్టి నా ఉత్తరాలు నీకు తప్పవు.

నువ్వు నేర్పిన లెక్క పొడుగన్నకి నేర్పించాను. బెల్టు మీద నాతో పనిచేసేది అతనే, ప్రతి గుమ్మం దగ్గరా తల వంచుకునే మనిషి. వాళ్ళావిణ్ణి వదినా అని పిలుస్తానని ఇదివరకు రాశాను కదా. నాలుగు గుమ్మాల అవతలే వాళ్ళ క్వార్టరు. ఆదివారం నా భోజనం అక్కడే. వాళ్ళ పాప నన్ను 'గది పద్నాలుగు' అని పిలుస్తుంది.

మొన్న ఇద్దరం గోడ మీద బోర్డు లెక్కపెట్టాం. 'భద్రత మన బాధ్యత'. యంత్రం లెక్కలో పదిహేను వచ్చింది. పొడుగన్న బోర్డు వంక చూసి, "పదిహేను అక్షరాలు రాయడానికి పెయింటు దొరికింది గానీ, ఒక్క తాళం కొనడానికి మనిషి దొరకలేదురా" అన్నాడు.

తాళం సంగతి నీకు తెలియదు. చిత్తుకాగితమంతా బెల్టు మీద నడిచి వచ్చి కింద తొట్టిలో పడుతుంది. అక్కడ నీళ్ళలో తిరిగి గుజ్జవుతుంది. రోజుకి రెండుసార్లైనా తొట్టి మూతి దగ్గర కాగితం ఇరుక్కుంటుంది. అప్పుడు స్విచ్ ఆపి, స్విచ్ పిడికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఒకడు దిగి ఆ కాగితం లాగాలి. అదీ పద్ధతి. ఆ తాళం పోయి ఎనిమిది నెలలైంది. సూపర్‌వైజరు 'వస్తుంది, వస్తుంది' అంటూనే ఉన్నాడు. అందుకని మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. దిగేవాడు తన టిఫిన్ డబ్బా పిడికి తగిలించి దిగుతాడు. డబ్బా వేలాడుతుంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం, ఇంకెవరూ పిడి ముట్టుకోరు.

పొడుగన్నతోనే చిక్కు. బల్ల మీద పెడితే డబ్బాకి చీమలు పడుతున్నాయని, దిగినా దిగకపోయినా పిడికే తగిలిస్తాడు. వారానికి రెండుసార్లు నేనే తీసి బల్ల మీద పెడుతుంటాను. "ఇదేం పనన్నా, చీమల కోసం మా ప్రాణాలు తీస్తావు" అంటే నవ్వుతాడు. రేపటి నుంచి పెట్టనంటాడు, పెడతాడు.

రెండు పేజీలు దాటలేదు చూశావా.

తమ్ముడు


మిల్లు క్వార్టర్లు, గది 14
ఏప్రిల్ 11

అక్కా,

పొడుగన్న పోయాడు. మంగళవారం మధ్యాహ్నం, పనిలో.

ఎలా జరిగిందో రాస్తాను. నువ్వొక్కదానివైనా మొత్తం తెలుసుకోవాలి.

ఒంటిగంటకి బెల్టు దగ్గర నేనూ అతనూ తప్ప ఎవరూ లేరు. నేను ముందు వెళ్ళి తిని వచ్చాను. వచ్చేసరికి బెల్టు ఆగి ఉంది. పిడికి అతని డబ్బా వేలాడుతోంది. మనిషి లేడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడనుకున్నాను. మళ్ళీ చీమల గొడవే అనుకున్నాను. డబ్బా తీశాను. బరువుగా ఉంది. 'ఇంకా తినలేదేంటి' అని కూడా అనుకున్నాను అక్కా. అలా అనుకుంటూనే బల్ల మీద పెట్టి స్విచ్ వేశాను. ఒక్కసారి పిలిచి ఉండాల్సింది. పేరు పెట్టి పిలవక్కర్లేదు, ఓయ్ అన్నా పలికేవాడు.

ఆపేసరికి నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ తర్వాతది రాయను.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. నేను చెప్పబోతుంటే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడేం వాగకు. చెప్పాల్సింది ఉంటే ఆన్‌లైన్‌లో వాంగ్మూలం పెట్టు, విచారణ అధికారి చూసుకుంటాడు" అన్నాడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి సాక్షిని నేనే. మనిషిని చంపినవాడే సాక్షి.

నా వల్లే జరిగిందని వదినకి చెబుదామని వెళ్ళాను. పాప తలుపు తీసి, "మా నాన్న డబ్బా నీ దగ్గరుందా?" అని అడిగింది. ఇచ్చేసి వచ్చేశాను.

పనిలో జరిగిన ప్రమాదమని తేలితే క్వార్టరు వాళ్ళకే ఉంటుంది, వదినకి మిల్లులోనే పని ఇస్తారు. చనిపోయినవాడి అజాగ్రత్త అని తేలితే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆవిడకి వెళ్ళడానికి పుట్టిల్లు కూడా లేదు.

నేను రాసిన వాంగ్మూలం ఇందులోనే పెడుతున్నాను. ఆరు పేజీలయింది. ఐదువందల్లో పట్టించడం నీకు తెలుసు. ఏం తీసినా ఫరవాలేదు, డబ్బా తీసి స్విచ్ వేసింది నేనేనన్న సంగతి మాత్రం తియ్యకు. వదిన తన దరఖాస్తు పెట్టుకోవడానికి వస్తుంది, నీ కౌంటరుకే రమ్మన్నాను. నేను చెప్పేదాకా నువ్వేం చెప్పకు.

అక్షరాలు అర్థం కాకపోతే ఏమీ అనుకోకు.

తమ్ముడు


సేవాకేంద్రం, మూడో కౌంటరు
ఏప్రిల్ 20

తమ్ముడికి,

నీ వాంగ్మూలం పదిహేడో తారీకున పంపాను. రసీదు నంబరు వెనక రాశాను, భద్రంగా దాచుకో.

ఆరు పేజీలు ఐదువందల్లోకి తేవడం ఎంత పనో నీకు తెలియదు. తాళం పోయి ఎనిమిది నెలలైన సంగతి పెట్టాను. కాగితం ఇరుక్కుంటే దిగడం రోజూ ఉండేదేనని పెట్టాను. అతను మంచి పనివాడని పెట్టాను. ముఖ్యమైనవన్నీ ఉన్నాయి. ఐదువందలూ నిండిపోయాయి, ఇంకో చుక్కకి కూడా చోటు లేదు.

మీ వదిన వచ్చింది. ఆవిడ దరఖాస్తు కూడా అదే రోజు పెట్టేశాను. నెమ్మదైన మనిషి.

సరిగ్గా తిను. ఎవరైనా ఏదైనా అడిగితే 'అంతా రాసిచ్చాను' అను, అంతకు మించి ఒక్క మాట మాట్లాడకు. నువ్వు పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ మంచాన పడితే నిన్ను చంకనేసుకుని స్కూలుకి వెళ్ళినదాన్ని నేను. నా మాట విను.

అక్క


మిల్లు క్వార్టర్లు, గది 14
మే 8

అక్కకి,

విచారణ అయింది. క్యాంటీనులో బల్లలు జరిపి అధికారికి కుర్చీ వేశారు. నా వంతు వచ్చింది. ఆయన నా వాంగ్మూలం ఉన్న కాగితం నా ముందుకి తోసి, "ఇది మీదేనా?" అని అడిగాడు. నాదేనండీ అన్నాను. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నువ్వు చోటు లేదన్నావు. లేకపోయి ఉంటుందిలే.

సాయంత్రాలు వదినకి నీళ్ళ డబ్బాలు మోసిపెడుతున్నాను. "మీరున్నారు కాబట్టి ధైర్యంగా ఉంది" అంటుంది. ఆదివారం భోజనానికి పిలుస్తోంది. కడుపు నొప్పని చెప్పి తప్పించుకుంటున్నాను. ప్రతి ఆదివారం కడుపు నొప్పేంటని పాప అడిగింది.

తమ్ముడు


సేవాకేంద్రం, మూడో కౌంటరు
మే 17

తమ్ముడికి,

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఒక ఫ్యాను పాడైంది, బాగుచేసే మనిషి రేపు వస్తానని చెప్పి పది రోజులైంది. నిన్న సాయంత్రం మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. నాకు కొత్త కుర్చీ ఇచ్చారు, దాని చక్రం ఒకటి తిరగదు. రెండో కౌంటరమ్మాయి సెలవు పెట్టింది. ఇవాళ కూడా మబ్బుగానే ఉంది.

కడుపు నొప్పికి వాము నమిలి చూడు.

అక్క


మిల్లు క్వార్టర్లు, గది 14
జూలై 2

అక్కా,

నీ ఉత్తరం నిండా వాతావరణమే. నువ్వు అందరి కాగితాల్లోంచీ ముందు తీసేసేది అదే కదా.

తీర్పు వచ్చింది. వదిన చేతికిచ్చారు. ఆవిడ నాకిచ్చి చదవమంది, గుమ్మంలోనే నిలబడి చదివాను. 'తాళం లేకపోయినప్పటికీ, యంత్రం ఆపకుండా లోపలికి దిగడం మృతుడి అజాగ్రత్త.' ఆగస్టు ఆఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలట. వదిన ఏడవలేదు. "ఆయన ఆపకుండా దిగే మనిషి కాదండీ" అంది. మళ్ళీ అంది. మూడోసారి నా మొహంలోకి చూస్తూ అడిగింది, "ఆపకుండా దిగే మనిషేనా, మీరు చెప్పండి?" నేను కాదన్నాను. అక్కడితో ఆగిపోయాను.

పాప స్కూల్లో ఎవరో 'మీ నాన్న బుర్రలేక చచ్చాడట' అన్నారట. రెండు రోజులుగా బడికి వెళ్ళనంటోంది.

తీర్పు వెనక నా వాంగ్మూలం నకలు కుట్టారు. దాన్ని గదికి తెచ్చుకుని పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నువ్వు నేర్పిన లెక్కే. గుణింతానికి ఒకటి, ఒత్తుకి రెండు, ఖాళీకి ఒకటి. నీకో సంగతి చెప్పాలి. విచారణ రోజునే చూశాను, ఆ వాక్యం లేదని. అధికారి కాగితం తోసినప్పుడు చదివాను. మనసు తేలికపడింది. చోటు లేక అక్క తీసేసింది, నా తప్పేముంది అనుకుని సంతకం పెట్టాను. నీకు రాసిన ఉత్తరంలో ఆ ముక్క దాచాను. రెండు నెలల నుంచి ఆ 'చోటు లేదు' అనే మాట కిందే తలదాచుకుంటున్నాను.

అందుకే లెక్కపెట్టేటప్పుడు ఐదువందలు రావాలని కోరుకున్నాను. అంతగా ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు.

నాలుగువందల ముప్ఫై ఒకటి వచ్చింది.

తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదలుపెట్టాను. పదేసి అక్షరాలకి ఒక గీత గీసుకుంటూ వెళ్ళాను. నలభై మూడు గీతలు, ఒకటి మిగులు. అరవై తొమ్మిది ఖాళీ. 'డబ్బా తీసి స్విచ్ వేసింది నేనే.' ఇది ముప్ఫై ఒకటి. రెండుసార్లు రాసినా పట్టేది అక్కా.

ఎందుకు చేశావని అడగను. నాకు తెలుసు. జూలై నెలాఖరులోపు వదిన అప్పీలు పెట్టుకోవచ్చు. అందులో సాక్షికి మూడువందల అక్షరాలిచ్చారు. ఏం పెట్టాలో నీకు తెలుసు. పెట్టు.

తమ్ముడు


సేవాకేంద్రం, మూడో కౌంటరు
జూలై 9

ఒరేయ్,

అవును, తీశాను. చోటు లేక కాదు. నా తమ్ముడివి కాబట్టి తీశాను. ఏం చేస్తావు?

ముందు కొట్టాను, అది కూడా విను. వాంగ్మూలం చివర, నువ్వు చెప్పిన మాటలే. మొత్తం నాలుగువందల అరవై మూడు వచ్చింది, పెట్టె పచ్చగానే ఉంది. ఇక 'పంపు' నొక్కడమే. చెరిపే మీట మీద వేలు పెట్టాను. ముప్ఫై రెండుసార్లు నొక్కాను. ముందు చుక్క పోయింది, తర్వాత 'నేనే' పోయింది, తర్వాత 'వేసింది'. చివర్న ఆ ముందున్న ఖాళీ కూడా పోయింది. ఇన్నేళ్ళుగా జనం మాటలు కత్తిరిస్తున్నాను. వానల్ని తీశాను, చుట్టాల్ని తీశాను, ఆ పెద్దాయన భార్య పాటలు తీశాను. నిజాన్ని తియ్యడం అదే మొదలు. చెయ్యి వణకలేదురా. అలవాటైన పని కదా.

మీ వదిన ఆ రోజే వచ్చింది. బయట జోరువాన. కాగితాలు తడవకూడదని డబ్బాలో పెట్టుకొచ్చింది. ఆ డబ్బాలోనే. మూత తీసి ఒక్కొక్క కాగితం నా చేతికిచ్చింది. "మీ తమ్ముడు ఏం రాశారమ్మా, ఒకసారి చదివి వినిపిస్తారా?" అని అడిగింది. వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. "అంతా ఉందా?" అని అడిగింది. "అంతా ఉందండీ" అన్నాను. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇది నీకు రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ మొహం నన్ను వదల్లేదు.

అయినా పెట్టను. జైలుకి పంపుతారు నిన్ను. ఉద్యోగం పోతుంది, రేపు ఎవరూ పనిలో పెట్టుకోరు. నువ్వు కావాలని చేశావా? తాళం కొననివాడు హాయిగా తిరుగుతున్నాడు. ఆవిడకి నా దగ్గర ఒక గది ఉంది, పాపని తీసుకుని వచ్చి ఉండమను. వండిపెడతాను, బడిలో చేర్పిస్తాను, బతికినంతకాలం చూసుకుంటాను. అది చాలదా? ఒక్క వాక్యం కోసం నిన్ను పోగొట్టుకోమంటావా?

నా వల్ల కాదు.

అక్క


మిల్లు క్వార్టర్లు, గది 14
జూలై 15

అక్కా,

వదినకి నీ గది వద్దు. ఆయన ఆపకుండా దిగలేదన్న మాట కావాలి. ఆ పాప రేపు పెద్దదై తీర్పు కాగితం చదువుకుంటుంది. వాళ్ళ నాన్న చేసిన ఆఖరి పని స్విచ్ ఆపడం, దానికి తన డబ్బా తగిలించడం. చెయ్యాల్సిందంతా చేశాడు. చెయ్యనిది నేను.

నువ్వు నన్ను చంకనేసుకుని మోశావు. ఇంక దించు.

ఇరవై ఒకటో తారీకు వదిన అప్పీలుకి వస్తోంది. నువ్వు పెట్టకపోతే మర్నాడు నేనే బస్సెక్కి వస్తాను. రెండో కౌంటరులో కూర్చుని, నీ ఎదురుగా, గదంతా వినేలా చెప్పి కొట్టిస్తాను. పెట్టాల్సింది కింద రాశాను. రెండే వాక్యాలు. కుదించే పని నీకు లేకుండా చేశాను.

డబ్బా తీసి స్విచ్ వేసింది నేనే. తప్పు అతనిది కాదు.

తమ్ముడు


సేవాకేంద్రం, మూడో కౌంటరు
జూలై 22

తమ్ముడికి,

నువ్వు రానక్కర్లేదు. నిన్న పంపేశాను.

ఆవిడ పదకొండింటికి వచ్చింది. వాన లేదు, అయినా కాగితాలు ఆ డబ్బాలోనే తెచ్చుకుంది. ముందు ఆవిడ అప్పీలు పెట్టాను. తర్వాత నీ పెట్టె తెరిచాను. నీ రెండు వాక్యాలూ కొట్టి, తెర ఆవిడ వైపు తిప్పి, చదివి వినిపించాను. ఆవిడ "ఇంకోసారి చదవండి" అంది. చదివాను.

వెనక ఎవరో తొందరగా కానివ్వమన్నారు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసండీ."

"అప్పుడు నాకు చదివి వినిపించినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

డబ్బా మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "రోజూ నేనే కట్టేదాన్ని. చీమలు పడుతున్నాయంటే, ఎత్తులో తగిలించుకోమని చెప్పింది కూడా నేనే" అంది. ఏడుపు తన్నుకొచ్చింది గానీ ఆవిడ ఎదుట ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది.

పెట్టె కింద అంకె కనిపిస్తోంది. నీవి యాభై అయ్యాయి. ఇంకా రెండువందల యాభై ఉన్నాయి. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి తమ్ముడూ. నీ గురించి రాద్దామనుకున్నాను. కావాలని చెయ్యలేదని, నీళ్ళు మోస్తున్నాడని, తిండి మానేశాడని, చిన్నప్పుడు గాజు గ్లాసు పగిలినా తనే వచ్చి చెప్పేవాడని. అన్నీ పట్టేవి. లెక్క కూడా కట్టేశాను మనసులో.

ఆవిడ అంకె వైపు చూసి, "ఇంకా చోటుందా?" అని అడిగింది.

"ఉందండీ. రెండువందల యాభై."

"ఖాళీగానే వదిలెయ్యండి" అంది.

వదిలేశాను. పంపు నొక్కాను. ఆవిడ రసీదు తీసుకుని, డబ్బాలో పెట్టుకుని, మూత బిగించుకుని వెళ్ళిపోయింది. ఈసారి దణ్ణం పెట్టలేదు.

కౌంటరు మార్చమని మేనేజరుని అడిగాను. జిరాక్సు మిషను దగ్గర వేస్తానన్నాడు. అక్కడైతే పెట్టిందే బయటికి వస్తుంది. దుప్పటి ఒకటి, రెండు జతల బట్టలు సర్ది ఉంచాను. నిన్ను ఎప్పుడు తీసుకెళ్ళినా కబురు చెయ్యి, వస్తాను.

అక్క


జైలు కార్డు, నెలకి ఒకటి, పది లైన్లు మించరాదు
నవంబరు 3

అక్కకి,

ఇక్కడ కూడా పెట్టె ఉంది, చూశావుగా. అందుకని కుదించి రాస్తున్నాను.

దుప్పటి అందింది. నిద్ర పడుతోంది. మిల్లులో పిడికి తాళం వచ్చిందట. పాత తీర్పు కొట్టేశారు, వదిన వచ్చే నెల పనిలో చేరుతుంది.

నన్ను తీసుకెళ్ళిన రోజు వాళ్ళ గుమ్మం ముందు నుంచే నడిపించారు. వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసింది. చూసి, కిటికీ మూసేసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ కిటికీ ఇంకా ఆవిడదే.

మూడు లైన్లకి చోటు మిగిలింది. ఖాళీగానే వదిలేస్తున్నాను.